క్యాంపర్ వ్యాన్‌లో ఫ్రిజ్.. నంద్యాల ఎండకు ఎంత బ్యాటరీ కావాలి? జనరేటర్ ఎందుకు వద్దు?

సొంత వ్యాన్‌లో పడక వేసుకుని, చిన్న వంటగది పెట్టుకుని ఊళ్లు తిరిగే వీడియోలు ఇప్పుడు ఎవరి ఫోన్ తెరిచినా కనిపిస్తున్నాయి. లడఖ్ నుంచి కన్యాకుమారి వరకు రీల్సే రీల్స్. అవి చూసి మన దగ్గర కూడా పాత ట్రావెలర్ బండి, మారుతీ ఈకో లాంటివి తీసుకుని ఇంట్లోనే మార్చుకునే వాళ్లు పెరుగుతున్నారు. మంచం, పరుపు, కర్టెన్లు వడ్రంగి రెండు రోజుల్లో చేసిపెడతాడు. అసలు కష్టం కరెంటు దగ్గరే మొదలవుతుంది. అందులోనూ ఫ్రిజ్ దగ్గర!

వీడియోల్లో చెప్పే లెక్కల్లో చాలావరకు చల్లటి దేశాలవి. బయట 20, 25 డిగ్రీలు ఉండే చోట సరిపోయే బ్యాటరీ, మే నెలలో 45 డిగ్రీలు తాకే నంద్యాల ఎండలో సరిపోదు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కొత్తపల్లె నుంచి ఒక కుటుంబం అహోబిలం, గండికోట, బెలూం గుహలు చూసుకుంటూ మూడు రోజులు తిరగాలనుకుంటే వ్యాన్‌లో ఏం ఉండాలి? ఎంత ఉండాలి? ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్లు ఉంటే ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఫ్రిజ్ ఆగితే పెరుగు పులిస్తే పులిసింది, పారేస్తాం. మందు పాడైతే పరిస్థితి వేరు.

ముందు జనరేటర్ సంగతి

"ఇంత తలనొప్పి ఎందుకు, సినిమా వాళ్ల కారవాన్‌లా ఒక జనరేటర్ పెట్టేస్తే పోలా?" అని అడిగే వాళ్లు ఉంటారు. షూటింగ్ కారవాన్లు నడిచేది నిజంగానే జనరేటర్ మీద. కానీ అందులో రాత్రిపూట తలుపులు మూసుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఒంటి మీద గాయాల్లేవు, గొడవ జరిగిన ఆనవాళ్లు లేవు. కాలికట్ ఎన్ఐటీ నిపుణులు అదే బండిలో జనరేటర్ ఆన్ చేసి పరీక్షించారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేల్చారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి తెలిసేలోపే రక్తంలో ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకోవడమూ ఇలాంటిదే.

అందుకే కుటుంబం పడుకునే వ్యాన్‌లో రాత్రి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. ఇంజిన్ గానీ జనరేటర్ గానీ నడుస్తుండగా లోపల ఎవరూ నిద్రపోకూడదు. ఇక ఏసీ అంటారా.. ఒక టన్ను ఏసీకి గంటకు దాదాపు ఒక యూనిట్ కావాలి. వ్యాన్‌లో పెట్టుకోగలిగే చిన్న బ్యాటరీ గంటలోనే ఖాళీ. ఆ ఆశ వదిలేసి ఫ్యాన్లతో సరిపెట్టుకోవడమే మంచిది.

ఏ ఫ్రిజ్ కొనాలి?

మార్కెట్లో "కార్ ఫ్రిజ్" అని రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పని మాత్రం వేరు.

తక్కువ ధరకు దొరికేది థర్మోఎలక్ట్రిక్ రకం. ఇందులో కంప్రెసర్ ఉండదు. బయటి వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతకుమించి దాని వల్ల కాదు. ఏసీ కారులో 25 డిగ్రీలు ఉంటే లోపల 5, 6 డిగ్రీలు వస్తుంది కాబట్టి బాగానే అనిపిస్తుంది. ఎండలో ఆగిన వ్యాన్‌లో 45 డిగ్రీలుంటే? ఎంత లాగినా 25 దగ్గర ఆగిపోతుంది. అది ఫ్రిజ్ కాదు, నీడపట్టు. పైగా రోజంతా ఆగకుండా కరెంటు తింటూనే ఉంటుంది.

రెండోది 12 వోల్టుల మీద నేరుగా నడిచే కంప్రెసర్ ఫ్రిజ్. పైకి తెరుచుకునే పెట్టెలా ఉంటుంది. 40 లీటర్లది నలుగురికి సరిపోతుంది. నడుస్తున్నప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుంది, లోపల చల్లబడ్డాక ఆగిపోతుంది. మూత పైకి ఉండటంలోనూ ఒక లాభం ఉంది. చల్లగాలి బరువు ఎక్కువ కాబట్టి మూత తీసినా కిందే ఉంటుంది. నిలువు తలుపు ఫ్రిజ్ అయితే తెరిచిన ప్రతిసారీ చల్లదనం కాళ్ల మీద జారిపోతుంది.

మరి ఇంట్లో ఉన్న పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌నే ఇన్వర్టర్ మీద నడిపితే? నడుస్తుంది. కానీ ఇక్కడ చాలామంది చూడని దొంగ ఒకటి ఉంది. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, దానికి ఏమీ తగిలించకపోయినా 15 నుంచి 20 వాట్లు తింటుంది. 24 గంటలకు లెక్కేస్తే 360 నుంచి 480 వాట్ అవర్లు. అంటే దాదాపు ఇంకో ఫ్రిజ్‌ను పోషించినట్టే! దానికి తోడు కంప్రెసర్ మొదలైన క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. రోడ్డు కుదుపులకు ఇంటి ఫ్రిజ్ పైపులు ఎంతకాలం నిలబడతాయన్నది మరో ప్రశ్న.

అసలు లెక్క ఇదీ

కరెంటు లెక్కకు వాట్లను గంటలతో గుణిస్తే చాలు. 50 వాట్ల ఫ్రిజ్ చల్లని కాలంలో రోజు మొత్తం మీద మూడో వంతు సమయం, అంటే 8 గంటలు నడుస్తుందనుకుందాం. 400 వాట్ అవర్లు. అదే ఫ్రిజ్ మే నెలలో నంద్యాల ఎండలో 60 శాతం సమయం నడిస్తే? 14 గంటలకు పైనే. 720 వాట్ అవర్లు. ఫ్రిజ్ అదే, బండి అదే. ఎండ ఒక్కటే ఖర్చును దాదాపు రెట్టింపు చేసింది.

మిగతావి కలుపుదాం. 15 వాట్ల డీసీ ఫ్యాన్ పది గంటలకు 150. ఎల్ఈడీ లైట్లు 40. నాలుగు ఫోన్ల చార్జింగ్ 60. అన్నీ కలిపి 250. మొత్తం 970, గుండుగుత్తగా రోజుకు 1000 వాట్ అవర్లు. అంటే ఇంటి మీటర్ భాషలో ఒక్క యూనిట్! ఇంట్లో ఒక్క యూనిట్‌ను ఎవరూ పట్టించుకోరు. వ్యాన్‌లో ఆ ఒక్క యూనిట్ కోసమే ఇంత సరంజామా. అందులోనూ ముప్పావు వంతు ఫ్రిజ్ ఒక్కటే తినేస్తోంది కాబట్టి బ్యాటరీ, సోలార్, వైర్లు అన్నీ దాన్ని బట్టే కొనాలి. లైట్లు, ఫ్యాన్ల సంగతి తర్వాత.

బ్యాటరీ: ఇంటిదా, లిథియమా?

మొదటగా, బండి స్టార్ట్ చేసే బ్యాటరీని ముట్టుకోవద్దు. దాని మీద రాత్రంతా ఫ్రిజ్ నడిపితే తెల్లారి బండిని తోసుకోవాల్సిందే. ఫ్రిజ్‌కు రెండో బ్యాటరీ ఉండాలి.

మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అందరికీ తెలిసిందే. కాగితం మీద 1800 వాట్ అవర్లు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా చచ్చిపోతుంది కాబట్టి చేతికి వచ్చేది 900. బరువు 50 కిలోల పైమాటే. అన్నిటికంటే పెద్ద సమస్య.. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలి ఆడని చోట నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దాన్ని మంచం కింద పెట్టి, పైన పిల్లల్ని పడుకోబెట్టడం ఊహించుకోండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, షాపుల్లో ఎల్‌ఎఫ్‌పీ అంటారు. 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లది 1280 వాట్ అవర్లు ఇస్తుంది. 85 శాతం వాడుకున్నా దాదాపు 1090. అంటే పైన లెక్కేసిన ఒక రోజుకు సరిపోతుంది. బరువు 12 కిలోల దగ్గర ఉంటుంది. ధర ఎక్కువే, కానీ ఎక్కువ ఏళ్లు వస్తుంది.

లిథియం అనగానే మన ప్రాంతం వాళ్లకు గుర్తొచ్చేది చిన్నటేకూరు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయిన ఘటనలో, బస్సులో ఉన్న మొబైల్ ఫోన్ల పార్శిల్‌లోని బ్యాటరీలు మంటలను ఇంకా పెంచాయని అధికారులు చెప్పారు. ఎల్‌ఎఫ్‌పీ రసాయనం ఫోన్ బ్యాటరీల కంటే వేడిని బాగా తట్టుకుంటుంది. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. పాత స్కూటర్ల సెల్స్ విప్పి అతికించి అమ్మే లోకల్ ప్యాక్‌లు వ్యాన్‌లోకి రానివ్వొద్దు. లోపల బీఎంఎస్ అనే రక్షణ బోర్డు తప్పనిసరి. వేడి, ఓవర్ చార్జింగ్, షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు బ్యాటరీని ఆపేసేది అదే.

ఇక్కడ ఎండ ఇంకో దెబ్బ కొడుతుంది. చాలా ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలకు చార్జింగ్ పరిమితి 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉంటుంది. మూసిన వ్యాన్‌లో మధ్యాహ్నం ఆ వేడి సులువుగా దాటేస్తుంది. అప్పుడు బీఎంఎస్ చార్జింగ్ ఆపేస్తుంది. పైన సోలార్ ప్యానెల్ మీద ఎండ కాస్తూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం తీసుకోదు! కాబట్టి బ్యాటరీని ఇంజిన్ పక్కన, పడమటి ఎండ తగిలే గోడకు ఆనించి పెట్టకూడదు. నేల మీద, సీటు కింద, గాలి ఆడే చోట పెట్టి కదలకుండా బిగించాలి.

తిరిగి నింపేది ఎలా?

వాడిన ఒక యూనిట్‌ను మర్నాటికి నింపుకోవాలి కదా. రెండు దారులు.

సోలార్ ముందు చూద్దాం. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉన్న జిల్లాకు ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసే 200 వాట్లు, దాని వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. ఆపై ప్రతి డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం దిగుబడి పడిపోతుంది. రేకు మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఆ ఒక్క లెక్కనే 15 శాతం గల్లంతు. దుమ్ము, పడుకోబెట్టి బిగించడం, వైర్లలో నష్టం కలిపితే 30 శాతం తీసేయాలి. రోజుకు 5 గంటల పూర్తి ఎండ లెక్కన 200 వాట్ల ప్యానెల్ నుంచి వచ్చేది సుమారు 700 వాట్ అవర్లు. ప్యానెల్ కింద రెండు మూడు అంగుళాల ఖాళీ వదిలితే గాలి ఆడి కొంత చల్లబడుతుంది, కింద వ్యాన్ కప్పుకు నీడ కూడా పడుతుంది.

రెండో దారి బండి ఇంజిన్‌కు ఉండే ఆల్టర్నేటర్. దాన్నుంచి రెండో బ్యాటరీకి నేరుగా వైరు లాగితే సరిపోదు. బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజీ అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. 30 ఆంపియర్ల చార్జర్ గంటకు దాదాపు 390 వాట్ అవర్లు ఎక్కిస్తుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. హైవే మీద గంట లోపే. అంటే ఒక గంట ప్రయాణం, ఒక రోజు ఎండ కలిస్తే 1090. ఖర్చు 970. మిగులు పెద్దగా లేదు కానీ నడిచిపోతుంది. బండి కదలకుండా ఒకేచోట రెండు రోజులు ఉంటేనో, మబ్బు పడితేనో మాత్రం లెక్క తప్పుతుంది. అలాంటి ప్లాన్ ఉన్నవాళ్లు 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి వెళ్లడం మేలు.

అహోబిలం ఉదాహరణే తీసుకోండి. ఎగువ అహోబిలం చేరి, జ్వాలా నరసింహస్వామి దగ్గరికి నడిచి వెళ్లి రావాలంటే పూట గడిచిపోతుంది. అంతసేపూ వ్యాన్ తాళం వేసి ఉంటుంది. కోతుల భయానికి అద్దాలు దించి వెళ్లే పని లేదు. ఎండలో వదిలితే లోపల వేడి, ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుంది, తన వేడిని కూడా అదే గదిలోకి వదులుతుంది. చెట్టు కింద పెడితే లోపల చల్లగానే ఉంటుంది, పైన ప్యానెల్‌కు ఎండ ఉండదు. ఏది మేలు? కప్పు మీద ప్యానెల్‌తో పాటు, లేదా దానికి బదులు, ఐదారు మీటర్ల కేబుల్‌తో మడత ప్యానెల్ ఉంటే వ్యాన్ నీడలో, ప్యానెల్ ఎండలో పెట్టుకోవచ్చు. కానీ మనుషులు దగ్గర లేనప్పుడు దాన్ని బయట వదలలేం. కాబట్టి కొండ ఎక్కే రోజు నీడకే ఓటు. కప్పులో జాలీ ఉన్న చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి తిరుగుతూ ఉంటే చాలా తేడా ఉంటుంది.

వైరు సన్నగా ఉంటే ఫ్రిజ్ ఎందుకు ఆగుతుంది?

"బ్యాటరీ నిండుగానే ఉంది, ఫ్రిజ్ మాత్రం ఆగిపోతోంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం వైరే. ఇళ్లలో లైట్లకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరునే మనవాళ్లు వ్యాన్‌లోనూ లాగేస్తారు. ఇంట్లో 230 వోల్టులు కాబట్టి అర వోల్టు పోయినా తెలియదు. 12 వోల్టుల దగ్గర అర వోల్టు అంటే చాలా ఎక్కువ.

ఫ్రిజ్ 5 ఆంపియర్లు తీసుకుంటుంది, బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను రాను 10 మీటర్లు. 1.5 వైరులో దాదాపు 0.6 వోల్టులు దారిలోనే పోతాయి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే 0.2 మాత్రమే పోతుంది. తెల్లవారుజామున బ్యాటరీ కొంచెం దిగినప్పుడు, కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఈ తేడాకే ఫ్రిజ్‌లోని లో-వోల్టేజ్ కటాఫ్ పడిపోతుంది. అందరూ నిద్రలో ఉంటారు. ఇన్సులిన్ లోపల ఉంటుంది.

సిగరెట్ లైటర్ సాకెట్ మీదా ఆధారపడొద్దు. కుదుపులకు వదులవుతుంది, వేడెక్కుతుంది. చాలా బండ్లలో తాళం తీయగానే అందులో కరెంటు పోతుంది. ఫ్రిజ్‌కు బ్యాటరీ నుంచి విడిగా లైను ఉండాలి.

ఫ్యూజు విషయంలో బేరం వద్దు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే మెయిన్ ఫ్యూజు పడాలి. ఫ్యూజు కాపాడేది ఫ్రిజ్‌ను కాదు, వైరును. వ్యాన్ బాడీ అంతా ఇనుమే. ఎక్కడో అంచుకు రాసుకుని వైరు తొడుగు తెగితే, ఫ్యూజు లేని వైరు క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. ఫ్రిజ్ లైనుకు 15 ఆంపియర్లది చాలు. అది పోయిందని దాని స్థానంలో రాగి తీగ చుట్టే అలవాటు ఇంట్లోనే ప్రమాదం, బండిలో మరీ ప్రమాదం. ఇంటి ఎంసీబీలు కూడా ఇక్కడ పనికిరావు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి వాటిలో నిప్పు ఆరిపోతుంది. డీసీలో అలా ఆరదు. డీసీకి అని రాసి ఉన్నవే కొనాలి. ఇళ్ల వైరింగ్ ఎంత బాగా చేసే ఎలక్ట్రీషియన్ అయినా, ఆటో ఎలక్ట్రీషియన్ పక్కన ఉంటేనే ఈ పని అప్పగించడం మంచిది.

సత్రంలోనో దాబాలోనో ప్లగ్ దొరికితే చార్జింగ్ పెట్టుకోవచ్చు. వ్యాన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ అయి ఉండాలి. ఎర్త్ లేని చోట లీకేజీ అయితే బండి మొత్తానికి కరెంటు వస్తుంది, చెప్పులు లేకుండా దిగేవాళ్లకు షాక్ కొడుతుంది. స్తంభానికి కొక్కెం వేసే ఆలోచన ఉంటే ఇక్కడే మానేయండి.

ఇన్సులిన్ ఉంటే ఇవి చూసుకోండి

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే అది పనికిరాదు. పెట్టె ఫ్రిజ్‌లో గోడలకు దగ్గరగా ఉన్న చోట ఒక్కోసారి సున్నా కంటే కిందికి పోతుంది. డిస్‌ప్లే మీద 4 అని చూపిస్తున్నా నమ్మకుండా, మందు పక్కనే చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టాలి. మందును డబ్బాలో పెట్టి మధ్యలో ఉంచాలి. వాడుతున్న సీసా లేదా పెన్ను ఎంత వేడి వరకు, ఎన్ని రోజులు బయట ఉండొచ్చో పెట్టెలోని కాగితం మీదే రాసి ఉంటుంది, బయల్దేరే ముందు చదవాలి.

ఫ్రిజ్ ఆగితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్క్, రెండు ఐస్ ప్యాక్‌లు ఉంటే చాలు. ఐస్ నేరుగా తగలకుండా మందుకు గుడ్డ చుట్టాలి. ఆగిన ఫ్రిజ్ మూత పదే పదే తెరిచి చూడకపోవడమే సగం రక్షణ.

ప్రయాణానికి ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ను పూర్తిగా చల్లబరిచి, చల్లటి వస్తువులే సర్దితే మొదటి రోజు ఖర్చు బాగా తగ్గుతుంది. వేడి వేడి కూర గిన్నెలు అందులో పెడితే కంప్రెసర్ గంటలకొద్దీ నడుస్తుంది. ఫ్రిజ్ వెనక, పక్కన గాలి రంధ్రాల దగ్గర నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. దుప్పట్లు కుక్కకూడదు.

ఆర్టీఓ ఏమంటారు?

సీట్లు పీకేసి, కప్పు కోసి వ్యాన్ ఆకారం మార్చేముందు ఆగాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కారవాన్లకు ఏఐఎస్ 124 పేరుతో విడిగా ప్రమాణాలు ఉన్నాయి. మార్పు చేయాలనుకుంటే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఆర్‌సీలో నమోదయ్యేలా చూసుకోవాలి. బీమా కంపెనీకీ రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది తప్పదు. బండిని ఏమీ కోయకుండా, తీసి పెట్టుకునే ఫ్రిజ్, రెడీమేడ్ పవర్ స్టేషన్, మడత ప్యానెల్‌తో సరిపెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే సులువు.

అన్నీ బిగించాక నేరుగా గండికోటకు బయల్దేరొద్దు. ఇంటి ముందే రెండు రాత్రులు వ్యాన్‌లో పడుకుని చూడండి. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు నింపి, ఫ్యాన్ వేసి, ఫోన్లు చార్జింగ్ పెట్టి, పగలు తలుపులు మూసి ఎండలోనే ఉంచాలి. రెండో రోజు తెల్లవారుజామున 5 గంటలకు లేచి బ్యాటరీ మానిటర్ చూడాలి. 30 శాతం పైన ఉంటే బయల్దేరొచ్చు. అంతకంటే కిందికి పడితే ఇంకో ప్యానెల్ గానీ, పెద్ద బ్యాటరీ గానీ కావాలి. అది కొనేదాకా ఇన్సులిన్ ఇంటి ఫ్రిజ్‌లోనే ఉండాలి.